మా ఆయన మింగేసిన మాట

ముందుగా నా అక్షరాలకి మన్నించండి. నా చేతిలో ఒత్తులు నిలవవు, దీర్ఘాలు వాటికి ఇష్టమైనప్పుడు వస్తాయి. శ, ష, స మూడూ నా చెవికి ఒకటే. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. ఈ కథ రాస్తూ రెండుసార్లు పప్పు మాడబెట్టాను. మా క్రిస్టీ టీచరు మొత్తం చదివి దిద్దిపెట్టింది. ఆ తరువాత కూడా తప్పులు మిగిలితే అవి టీచరువి.

నేను చదువు నేర్చుకున్నది యాభై తొమ్మిదో ఏట. కానీ ఖాళీలు నింపడం మాత్రం పెళ్ళయిన రోజు నుంచే వచ్చు. ఎందుకంటే మా ఆయన ఇశ్రాయేలు సగం మాటలే మాట్లాడేవాడు, మిగతా సగం మింగేసేవాడు. పొలం నుంచి వచ్చి గడప మీద కూర్చుని, "కాలవ... రేపు... పెందలాడే" అనేవాడు. అంటే కాలవకి నీళ్ళు వదులుతున్నారు, రేపు మన వంతు, పెందలాడే అన్నం వండు అని. "అది తే" అంటే పొద్దునైతే చుట్ట, మధ్యాహ్నమైతే మజ్జిగ, ఆదివారమైతే బైబిలు సంచి. మా పెళ్ళిలో పాస్టరుగారు "ఈమెను భార్యగా అంగీకరిస్తున్నావా?" అని అడిగితే "ఆఁ" అన్నాడు. పూర్తిగా చెప్పు నాయనా అంటే, "ఆఁ అన్నాగా" అన్నాడు. ఆ రోజు మొత్తానికి ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

ఆ మనిషి విడిచిపెట్టిన ఖాళీలన్నీ ముప్పై నాలుగేళ్ళు నేనే నింపాను. దాదాపు అన్నీ సరిగ్గానే నింపాను. ఒక్కటి తప్పు నింపాను. ఈ కథ ఆ ఒక్కదాని గురించి.

ఆయనకి ఒక అక్క ఉంది, పేరు దీనమ్మ. నాకు వదిన. వత్సవాయి పక్కన మా పల్లెలో మా వీధి దాటి రెండో వీధిలో ఆమె ఇల్లు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి పత్తి తీతకి వెళ్ళినా, మిరప కోతకి వెళ్ళినా ఇద్దరం పక్కపక్క సాళ్ళు పట్టేవాళ్ళం. మా ఆయన సగం మాటల అర్థం భూమ్మీద మా ఇద్దరికే తెలుసు. నాకు అంతుపట్టనప్పుడు వదిన దగ్గరికి పరిగెత్తేదాన్ని. "బూడిద అన్నాడు వదినా, బూడిద ఏంది?" అంటే, "బూడిద గుమ్మడికాయే. వడియాలు కావాలంట" అని చెప్పేది.

తొమ్మిదేళ్ళపాటు ఆ వదినకీ నాకూ మాటల్లేవు.

అది ఎలా మొదలైందంటే, ఒక శుక్రవారం వదిన ఇంట్లో ప్రార్థన కూటం జరిగింది. వదిన పాట ఎత్తుకుంది. వదినది మంచి గొంతే. కాకపోతే పాట ఒక మెట్టు మీద ఉంటే వదిన రెండు మెట్లు పైనుంచి మొదలుపెడుతుంది. మూడో చరణంలో పక్కింటి గేదె అందుకుంది. అదీ పై మెట్టే. నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నా భుజాలు ఊగిపోయాయి. వదిన కళ్ళు మూసుకునే పాడుతోంది అనుకున్నాను గానీ, ఒక కన్ను తెరిచి ఉంది. ఇక అక్కడ ఉంటే పరువు పోతుందని, కూటం ముగిసీ ముగియకముందే ఉత్తకాళ్ళతో ఇంటికి వచ్చేశాను.

మూడో రోజు మా ఆయన వాళ్ళ అక్క ఇంటి నుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని అన్నాడు:

"అక్క... చెప్పు... ఉంచిందంట. నిన్ను రమ్మంది."

చెప్పు ఉంచుకుని మనిషిని రమ్మంటే దేనికి రమ్మంటారు? ఈ ఖాళీ నింపడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. పాట పాడుతుంటే నవ్వినందుకు చెప్పుతో కొడతానని కబురు పెట్టింది, అదీ కట్టుకున్నవాడితోనే. నా ఒళ్ళు మండిపోయింది.

"ఆ చెప్పు ఆమె నెత్తినే పెట్టుకోమని చెప్పు" అన్నాను.

మా ఆయన నన్నోసారి చూశాడు. అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, వెళ్ళాడు. తలాతోకా లేని కబుర్లే మోసే ఆ మనిషి, ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఒక్క అక్షరం కూడా మింగకుండా తీసుకెళ్ళి అప్పగించిన కబురు అదొక్కటే.

ఆ ఆదివారం నుంచి చర్చిలో వదిన కుడి గోడ పక్కకి మారింది, నేను ఎడమ గోడ పక్కకి మారాను. మా ఆయన ఒకసారి "అక్కతో... ఏంది?" అని అడిగాడు. "నీకు తెలీదా?" అన్నాను. "ఉహుఁ" అన్నాడు. తెలిసే నాటకమాడుతున్నాడు అనుకున్నాను. రెండేళ్ళకి ఆయన పోయాడు. వదిన వచ్చి మూడు రోజులు మా ఇంట్లోనే ఉండి ఏడ్చింది. నన్ను అన్నం తినమని గోడకి చెప్పింది. గోడ తినలేదు, నేనే తిన్నాను. నాలుగో రోజు గోడకి "వస్తా" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఇక చదువు సంగతి. మా ఊరి ఎలిమెంటరీ స్కూలు వరండాలో పెద్దవాళ్ళకి సాయంత్రం ఐదింటికి చదువు చెబుతారని ఆగస్టులో చాటింపు వేశారు. మేము పదిమందిమి చేరాము. వదిన చేరుతోందని తెలిస్తే నేను చేరేదాన్ని కాదు. నేను చేరుతున్నానని తెలిస్తే ఆమె చేరేది కాదు. ఇద్దరం తెలియక ఒకే రోజు వెళ్ళి, ఒకే సిరా డబ్బాలో వేలు ముంచి వేలిముద్ర వేసి చేరాము.

క్రిస్టీ టీచరు జగ్గయ్యపేట నుంచి స్కూటీ మీద వచ్చేది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. వానలు పడినన్నాళ్ళూ అక్షరాలు దిద్దించింది. దసరా సెలవులు అయ్యాక, చుట్టచుట్టిన పాత క్యాలెండరు కాగితాలు చంకన పెట్టుకుని వచ్చి గోడకి తగిలించింది. వాటి వెనక పెద్ద అక్షరాలతో కథలు రాసి ఉన్నాయి. ప్రతి ఆరో మాట మీదా చిన్న కాగితం ముక్క అన్నం మెతుకుతో అంటించి ఉంది.

"ఇవి ఖాళీ కథలు. కాగితం కింద ఏ మాట ఉందో మీరు చెప్పాలి" అంది.

"కాగితం పీకితే తెలుస్తది గదమ్మా" అంది బసవమ్మగారు. ఆమెకి నాలుగెకరాల మిరప ఉంది. పనివాళ్ళ హాజరు తనే రాసుకోవాలని చదువుకి వచ్చింది.

"పీకకుండా చెప్పాలండి. మీరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివితే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతున్నారు. అర్థం వెంట వెళ్ళండి. ఒకవేళ ఖాళీ దగ్గర ఏం తోచకపోతే ఆగిపోవద్దు. ముందుకెళ్ళి మిగతాది చదివి వెనక్కి రండి. ముందున్న మాటలు వెనకున్న ఖాళీ ఏంటో చెప్పేస్తాయి."

ముందుకెళ్ళి వెనక్కి రండి అన్న ఆ మాట నాకు బాగా పట్టింది. గుర్తుంచుకోండి, మీకూ పనికొస్తుంది.

మొదటి వాక్యం: రాములు ఉదయాన్నే లేచి బావి దగ్గర ఖాళీ కడుక్కున్నాడు.

"మిరపకాయలు" అంది బసవమ్మగారు.

"పొద్దున్నే లేచి మిరపకాయలు కడుక్కుంటారా అండీ ఎవరైనా?"

"మందు కొట్టినవైతే కడుక్కోవద్దూ?"

టీచరు కాసేపు ఆలోచించింది. అర్థం కుదిరితే రైటే అన్నది ఆ పిల్ల పెట్టుకున్న నియమం. "సరే, రైటే" అంది.

రెండో వాక్యం: మా ఇంట్లో ఉన్న ఆవు మాకు ఖాళీ ఇస్తుంది.

వదిన లేచింది. "తన్ను" అంది.

"తన్నా?"

"మా ఆవు పాలన్నీ దూడకే ఇచ్చుద్దండీ. మాకిచ్చేది తన్నే."

అదీ రైటే. ఆ రోజు అందరికీ పదికి పది మార్కులు వచ్చాయి, ఒక్కరు కూడా కాగితం కింద ఉన్న మాట చెప్పలేదు.

రెండో రోజు ఇంకా మంచి తమాషా జరిగింది. టీచరు స్కూటీలో ఏదో మర్చిపోయి బయటికి వెళ్ళింది. స్కూలు వంటామె కోడి వరండా ఎక్కి, కిందుగా తగిలించిన కాగితాల దగ్గరికి వచ్చి, మెతుకుల కోసం ముక్కలన్నీ పొడిచి రాలగొట్టింది. ఆరో మాట, ఆరో మాట, వరసగా. ఎక్కడా లెక్క తప్పలేదు. టీచరు వచ్చేసరికి మేమందరం ఆ జవాబులే గడగడా చెప్పాము. ఆ పిల్ల పొంగిపోయి, ఫోనులో మమ్మల్ని వీడియో తీసింది. వీడియోలో వెనక కోడి కూడా పడింది, దాని ముక్కుకి 'మొహం' మీద అంటించిన ముక్క అంటుకుని ఉంది. మర్నాటి నుంచి మెతుకులు మానేసి గమ్ము తెచ్చింది.

ఈ ఖాళీల పిచ్చి ఊరంతా పాకింది. మంచినీళ్ళ పంపు దగ్గర మా తరగతిలో చదివే ఉషశ్రీ, బిందె జరిపినందుకు పక్కామెతో గొడవ పడింది. "నువ్వొక ఖాళీవి. మీ అమ్మ ఇంకా పెద్ద ఖాళీ" అంది.

"ఏందే, నన్ను దొంగదంటావా?"

"నేనెప్పుడన్నా? నేను ఖాళీ అన్నా. నింపుకుంది నువ్వు."

పంచాయితీ సర్పంచి దాకా వెళ్ళింది. సర్పంచి ఇద్దర్నీ విని, ఉషశ్రీ అన్న మాటలో తిట్టు ఏదీ లేదని తేల్చాడు. మర్నాటి నుంచి మా ఊళ్ళో తిట్లన్నీ ఖాళీలే. అత్తలు కోడళ్ళని ఖాళీ అన్నారు, కోడళ్ళు వంటింట్లో గిన్నెలతో ఖాళీ అన్నారు. ఎవరి మనసులో ఏముందో వాళ్ళు అది నింపుకుని ఏడ్చారు. నేను బిందె పట్టుకుని నిలబడి నవ్వాను. ఎదటి వాళ్ళ ఖాళీ చూసి నవ్వినదాన్ని, నా ఖాళీ సంగతి తట్టలేదు.

నవంబరులో ఒక కబురు తెలిసింది. వదిన కొడుకు శాంతికుమార్ నందిగామలో టీచరు. క్రిస్మస్ అవగానే తల్లిని తన దగ్గరికి తీసుకెళ్ళిపోతున్నాడు. ఇక్కడి ఇల్లు పడిపోయేలా ఉందంట.

ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మాట్లాడకపోయినా, మనిషి కుడి గోడ పక్కన ఉండేది. ఎప్పటికైనా ఎదురుపడితే ఏదో ఒకటి అనొచ్చు. మాటల్లేని మనిషి కోసం నందిగామ దాకా బస్సెక్కి ఎవరు వెళతారు? ఏ ముఖం పెట్టుకుని వెళతారు? ఆమె వెళ్ళిపోతే, మా ఆయన "బూడిద" అంటే వడియాలని తెలిసిన మనిషి ఇంకొకరు నాకు మిగలరు. అయితే ముందు మాట్లాడాల్సింది ఆమే. చెప్పు చూపించింది ఆమె కదా. తను ముందు మాట్లాడితే నేను మన్నించడానికి సిద్ధంగానే ఉన్నాను. నెల రోజులు ఉంది.

ఆ మర్నాడే టీచరు జట్లు కట్టింది. ఒకరు కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, కొన్ని మాటల మీద ముక్కలు అంటించాలి. జట్టులో రెండోవాళ్ళు ముక్కల మీద జవాబు రాయాలి.

"దీనమ్మగారూ, జయమణిగారూ, మీరిద్దరూ వదినామరదళ్ళంట కదా. మీరొక జట్టు" అంది.

వరండాలో అందరూ మా ఇద్దరి వైపు తిరిగారు. బసవమ్మగారే ధైర్యం చేసింది. "టీచరమ్మా, వాళ్ళిద్దరికీ మాటల్లేవమ్మా, తొమ్మిదేళ్ళయింది."

"పర్వాలేదండి. ఇది రాసే పని. మాటలక్కర్లేదు" అంది టీచరు.

అలా ఒకే చాప మీద కూర్చున్నాము. వదిన నాకిచ్చిన మొదటి కాగితం: నా తమ్ముడు బంగారం లాంటి ఖాళీ. వాడి పెళ్ళాం ఖాళీ లాంటిది.

మొదటిదాంట్లో 'మనిషి' అని రాశాను. రెండోదాంట్లో ఆలోచించి 'బీరువా' అని రాశాను. బంగారం ఉండేది బీరువాలోనే కదా. టీచరు ముక్క ఎత్తి చూసింది. కింద 'తుమ్మముల్లు' అని ఉంది.

"బీరువా కూడా అర్థం కుదిరింది. రైటే" అంది టీచరు.

"కుదర్లేదని చెప్పు టీచరుకి" అంది వదిన, వరండా స్తంభంతో.

నేను ఊరుకోలేదు. నా కాగితం: మా ఊళ్ళో ఒకామె పాట పాడితే ఖాళీ లేచి నిలబడతాయి.

వదిన పెదాలు కదుపుతూ మూడుసార్లు చదివింది. గేదె గుర్తొచ్చిందని ఆమె చెవులు ఎర్రబడటం చూసి తెలుసుకున్నాను. పెన్సిలు నాలిక మీద తడిచేసుకుని 'దేవదూతలు' అని రాసింది.

టీచరు చాలా శాంతంగా చెప్పింది. "దేవదూతలైతే 'నిలబడతారు' అని ఉండాలండి. ఇక్కడ 'నిలబడతాయి' అని ఉంది. అంటే ఇది మనుషులూ దేవదూతలూ కాదు. ఏదో జంతువు. చివర మాట చూసి చెప్పాలి."

"మా దేవదూతలు నిలబడతాయి" అంది వదిన స్తంభంతో. స్తంభం ఒప్పుకున్నట్టుంది. రైటు పడింది.

అలా మూడు వారాలు గడిచాయి. రోజూ ఆమె నన్ను రాసి తిట్టేది, నేను ఆమెని నింపి తిట్టేదాన్ని. చెప్పకూడదు గానీ, నాకు ఐదెప్పుడవుతుందా అని ఉండేది. పత్తి తీస్తూ కూడా రేపు ఏం రాయాలా అని ఆలోచించేదాన్ని. ఇద్దరికీ ఒత్తులు బాగా వచ్చింది ఆ మూడు వారాల్లోనే. తిట్టడానికి ఒత్తులు చాలా కావాలి.

డిసెంబరు రెండో వారంలో టీచరు, "ఇదే చివరి జట్టు పని. వచ్చే వారం నందిగామలో పరీక్ష. ఇవాళ మీకు బాధ కలిగిన సంగతి ఒకటి రాయండి" అంది. వదిన ఆ రోజు తలెత్తలేదు. చాలాసేపు రాసింది. కాగితం నా వైపు తోసి, స్తంభం వైపు తిరిగి కూర్చుంది.

ఇలా ఉంది: తొమ్మిదేళ్ళ కింద నేను మా వాళ్ళది ఒక ఖాళీ కుట్టించాను. సంచిలో పెట్టుకుని జగ్గయ్యపేట వెళ్ళాను. బస్టాండు పక్కన ఎండలో గంటసేపు ఖాళీ. ఇంటికి తెచ్చి దాచి ఉంచాను. వచ్చి తీసుకెళ్ళమని ఖాళీ పెట్టాను. దాన్ని నా ఖాళీ పెట్టుకోమన్నారు.

ఇందులో తిట్టు ఏదీ కనపడక నాకు ఆశ్చర్యమేసింది. మొదటి ఖాళీలో 'జాకెట్టు' అని రాశాను. కుట్టించేది జాకెట్టే కదా. రెండోదాంట్లో 'నిలబడ్డాను', మూడోదాంట్లో 'కబురు'. నాలుగోదాని దగ్గర ఆగాను. జాకెట్టు పెట్టుకోరు, తొడుక్కుంటారు. చివర మాట చూసి చెప్పాలి అని టీచరు చెప్పింది. పెట్టుకునేది ఏంటి? బొట్టు పెట్టుకుంటారు, మేము పెట్టుకోం. పూలు పెట్టుకుంటారు, పూలు కుట్టించరు. దేని మీద పెట్టుకోమన్నారు? కబురు పెడితే తిరుగు కబురు పంపి, దాన్ని నా...

'నెత్తిన.'

పెన్సిలు దానంతట అదే రాసింది. ఈ ఖాళీ ప్రపంచంలో నేనొక్కదాన్నే నింపగలను. ఆ కబురు పంపింది నేనే.

ముందుకెళ్ళి వెనక్కి రండి. వెనక్కి వచ్చాను. జాకెట్టు కొట్టేశాను. 'చెప్పు' అని రాశాను. రాసి, నా చేత్తో నేను రాసిన ఆ రెండక్షరాలనే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది. ప్రార్థన కూటం రోజు నా ఎడమ చెప్పు పట్టీ తెగిపోయింది. తెగినదాన్ని వదిన గడప పక్కనే వదిలేసి, కుడిది చేత పట్టుకుని ఉత్తకాళ్ళతో వచ్చాను. పారేసిన చెప్పు కాబట్టి మళ్ళీ తలుచుకోలేదు. వదిన దాన్ని సంచిలో పెట్టుకుని జగ్గయ్యపేట వెళ్ళి, ఎండలో నిలబడి కుట్టించుకొచ్చింది. తమ్ముడితో కబురు పెట్టింది. తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకుని, ముద్దతోపాటు ఒక మాట మింగేశాడు.

అదే కాగితం కింద రాశాను: నాకు వచ్చిన కబురు. అక్క చెప్పు ఖాళీ ఉంచింది. నిన్ను రమ్మంది.

వదిన వైపు తోశాను. వదిన స్తంభాన్ని వదిలి ఇటు తిరిగింది. చదవడంలో ఆమె నాకన్నా నిదానం. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ ఒక్కో మాట మీదా నడిచింది. ఖాళీ దగ్గర ఆగింది. ముందుకెళ్ళింది. వెనక్కి వచ్చింది. పెన్సిలు తీసుకుని 'కుటించి' అని రాసింది.

నేను పెన్సిలు లాక్కుని 'ట' కింద ఒత్తు పెట్టాను. దాని కింద ఇంకో వాక్యం రాశాను: ఆ మాట ఖాళీ మింగాడు.

వదిన 'మా తమ్ముడు' అని రాసింది. రాసి తల దించుకుంది. భుజాలు ఊగుతున్నాయి. నా భుజాలు కూడా ఊగుతున్నాయి. బసవమ్మగారు మేము కొట్టుకోబోతున్నాం అనుకుని, చాప మీదున్న పెన్సిళ్ళూ స్కేలూ గబగబా ఏరి కొంగులో దాచేసింది. టీచరు పరిగెత్తుకొచ్చేసరికి ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాము.

తొమ్మిదేళ్ళ తరువాత వదిన నాతో అన్న మొదటి మాట ఇది. "చెప్పుతో కొడతాననుకున్నావంటే పిచ్చిదానా, నేనట్టాంటిదాన్నా?"

"నీ పాటకి నవ్వాగా వదినా. అందుకనుకున్నా. నువ్వు ఒక కన్ను తెరిచి చూశావు."

"నిన్ను చూశానా? గేదె గొంతు ఏ వైపు నుంచి వస్తందా అని చూశా. నాక్కూడా నవ్వొచ్చింది. పాడేదాన్ని నేనే గాబట్టి ఆపుకున్నా."

"ఆ చెప్పు ఏం చేశావు?"

"నెత్తిన పెట్టుకోమన్నావుగా. మంచానికి పైన అటక ఉందిగా, దాని మీద పెట్టా. తొమ్మిదేళ్ళ నుంచి దాని కిందే పడుకుంటున్నా. మరి నీ రెండోది?"

"నువ్వు కబురు పెట్టిన రోజే కోపంలో కుక్క మీదకి విసిరేశా. కుక్క దాన్ని ఎత్తుకుపోయింది."

"కుక్క నీకన్నా నయం. చెప్పు వస్తే తీసుకుంది" అంది వదిన.

క్రిస్టీ టీచరు ఆ కాగితం దిద్దలేదు. మార్కులు ఎన్ని వేయాలో తెలియడం లేదు అని దాచుకుంది.

పరీక్షకి నందిగామ వెళ్ళేటప్పుడు బస్సులో నేనూ వదినా ఒకే సీటులో కూర్చున్నాం. బస్సు బోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. అందరం కలిసి గట్టిగా నింపుకుంటూ చదివితే, కండక్టరు తన బస్సు ఎక్కడికి వెళుతుందో తనకే అనుమానం వచ్చినట్టు దిగి చూసుకున్నాడు. పరీక్ష దగ్గర వరప్రసాదరావుగారని పెద్ద ఆఫీసరు కూర్చున్నాడు. ఆయన దగ్గర జవాబుల కాగితం ఉంది. అందులో ఉన్న మాటే రాయాలి, ఇంకోటి రాస్తే తప్పు అన్నాడు. టీచరు ముఖం వాడిపోయింది. రెండో ప్రశ్న ఇది: మా తోటలో పండే ఖాళీ చాలా కారంగా ఉంటాయి.

మా పదిమందిలో తొమ్మిదిమందిమి 'మిరపకాయలు' అని రాశాము. రెండు నెలలు ప్రతి ఖాళీలోనూ మిరపకాయలు పోసిన బసవమ్మగారు మాత్రం ఆ ఒక్కచోట 'మా కోడలి మాటలు' అని రాసింది.

ఆఫీసరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "తోటలో పండేవి అమ్మా" అన్నాడు.

"మా తోటలోనే ఉంటది సార్ ఆ పిల్ల. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పండిస్తానే ఉంటది."

ఆయన జవాబుల కాగితం చూశాడు. బసవమ్మగారిని చూశాడు. కిటికీ బయటికి చూశాడు. ఆయనకి కూడా ఇంట్లో కోడలు ఉన్నట్టుంది. రైటు కొట్టాడు. పదిమందిమీ పాసయ్యాం.

క్రిస్మస్ అయ్యింది. వదిన చర్చిలో కుడి గోడ వదిలి నా పక్కన కూర్చుని, రెండు మెట్లు పైనుంచి పాడింది. నేను మూడు మెట్లు పైనుంచి అందుకున్నాను. పక్కింటి గేదెని ఆ మధ్యనే అమ్మేశారు, లేకపోతే బాగుండేది. మర్నాడు శాంతికుమార్ వచ్చి తల్లిని తీసుకెళ్ళాడు. వెళుతూ వదిన అటక మీద నుంచి చెప్పు దించి నా చేతిలో పెట్టింది. ఎడమది ఒక్కటే, కుట్లు గట్టిగా ఉన్నాయి. నా ఒక్కగానొక్క కూతురు ముక్త్యాలలో కాపురం ఉంటుంది, అల్లుడికి అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో పని. కాబట్టి మా ఇంట్లో మిగిలింది నేనూ, ఒక చెప్పూ.

ఫిబ్రవరిలో పోస్టుమాను ఒక కార్డు తెచ్చాడు. నా పేరు మీద ఉత్తరం రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. పోస్టుమాను చదివి పెట్టబోతే కార్డు లాక్కున్నాను. వదిన అక్షరాలు, కోడి గెలికినట్టు ఉన్నాయి. అక్కడక్కడా గీతలు గీసి వదిలేసింది, కావాలనే.

జయమణీ. మా పక్క వాటా ______. ఇంటాయనతో శాంతి మాట్లాడాడు. నువ్వు వచ్చేయ్. వచ్చేటప్పుడు ______ తెచ్చుకో. ఇట్లు నీ వదిన.

మొదటి గీత మీద ఏం రాయాలో చూడగానే తెలిసింది. 'ఖాళీ' అని రాశాను. ఖాళీలో 'ఖాళీ' అని రాయడం, మీరే చెప్పండి, ఎంతమందికి దక్కుతుంది? రెండో గీత దగ్గర ముందుకెళ్ళాను, వెనక్కి వచ్చాను. ముందు 'ఇట్లు నీ వదిన' తప్ప ఏమీ లేదు. తెలియలేదు. ఈసారి ఊహించి నింపలేదు. బసవమ్మగారి ఫోనులో వదినకి ఫోను చేసి, "ఏం తెచ్చుకోవాలి వదినా?" అని అడిగాను. లైను సరిగ్గా లేదు. "తో... తెచ్చుకో" అని మాత్రం వినపడి, ఫోను ఆగిపోయింది.

ఆ కుటుంబం అంతా అంతే. తోడు తెచ్చుకో అందో, తోడుకి మజ్జిగ తెచ్చుకో అందో, తోలు చెప్పు తెచ్చుకో అందో నాకు తెలియదు. మూడూ తెచ్చాను. తోడు వచ్చింది మా మనవరాలు యశస్విని, రెండు రోజులుండి వెళ్ళిపోయింది. మజ్జిగ బస్సులో ఒలికింది. చెప్పు మాత్రం భద్రంగా చేరింది, ఇక్కడ అటక లేదు కాబట్టి తలుపు మీద మేకుకి తగిలించాము. వదిన అడిగింది తోటకూర విత్తనాలంట.

ఇట్లు,
కొండ్రు జయమణి,
వయసు అరవై ఒకటి,
ప్రస్తుతం ఉంటున్నది నందిగామలో, మా వదిన దీనమ్మ పక్క వాటాలో. అది ఇప్పుడు ఖాళీ లేదు.